గుల్మర్గ్ బర్ఫ్, దక్కన్ బారిష్



మొన్న మాణికేశ్వర్ నగర్‌లో తెలిసినవాళ్ల ఇంట్లో కూర్చుంటే ఓ చిన్న బహస్ నడిచింది. సెలవుల్లో గుల్మర్గ్ వెళ్లి స్కీయింగ్ చేయాలని వాళ్ల అబ్బాయికి షౌఖ్. ఫోన్‌లో అక్కడి మౌసమ్ చూస్తున్నాడు. నానీమా కోప్పడింది: "రేపు ఏం కురుస్తుందో అల్లాహ్‌కే తెలుసు. అది గైబ్ సంగతి బేటా, ఫోన్‌కెలా తెలుస్తుంది?"

నానీమా మాట సూరహ్ లుఖ్మాన్ చివరి ఆయత్ నుంచి వచ్చిందే. ఆ మాటకు ఎదురు లేదు. కానీ ఫోన్‌లో ఉన్నది గైబ్ కాదు, తఖ్మీనా. బహ్రె రూమ్ వైపు నుంచి వచ్చే గాలివాన కశ్మీర్ చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. పైగా కొండ ఎక్కినకొద్దీ కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. గుల్మర్గ్ 2,650 మీటర్ల ఎత్తు, రోప్‌వే ఎక్కి చేరే అఫర్వత్ దాదాపు 4,000. ఒకే మబ్బు కింద వానై, పైన బర్ఫై రాలవచ్చు. లెక్కగట్టేది ఇదే.

ఈ పహాడీ బర్ఫ్‌తో మన దక్కన్‌కు పాత రిష్తా ఉంది. 1876-78 ఖహత్ మద్రాసు, మైసూరు, బొంబాయి ఇలాఖాలతో పాటు నిజాం రియాసత్‌నూ కాల్చేసింది. వాన ముందే తెలిస్తే గింజలు కూడబెట్టుకోవచ్చు కదా అని సర్కారు మౌసమ్ మహక్మాను అడిగింది. అది 1875లో పెట్టిన మహక్మా, దాని పెద్ద హెన్రీ బ్లాన్‌ఫర్డ్. చలికాలంలో, బహార్‌లో హిమాలయాల మీద బర్ఫ్ ఎక్కువగా పడితే ఆ ఏడు బారిష్ తగ్గుతుందని ఆయన 1884లో రాశాడు. కారణం సీదాగా ఉంది. ఎండ వేడిమి బర్ఫ్ కరిగించడానికే ఖర్చవుతుంది, నేల వేడెక్కదు, సముద్రపు గాలిని లాగే బలం తగ్గుతుంది. 1886 జూన్ 4న మొదటి బాఖాయిదా తఖ్మీనా వెలువడింది.

తర్వాత గర్వభంగమూ అయింది. 1899లో ఆయన వారసుడు ఎలియట్ మంచి వానలన్నాడు. వచ్చింది భయంకరమైన ఖహత్. మన రియాసత్‌లోని మరాఠ్వాడా జిల్లాలూ అల్లాడాయి. ఆ తర్వాత కొన్నేళ్లు తఖ్మీనాలను బయటికి చెప్పకుండా దాచుకున్నారు. నాకైతే ఆ తప్పుకన్నా ఈ దాచడమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితం మనిషి. బర్ఫ్ ఒక్కటే చాలదని, దూరదేశాల గాలి ఒత్తిళ్లన్నీ చూశాడు. ఈరోజు మనం ఎల్‌నినో అంటున్నదాన్ని అర్థం చేసుకునే దారి అక్కడే మొదలైంది.

కానీ 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు హైదరాబాద్‌కు ముందుగా చెప్పినవాళ్లెవరూ లేరు. శంషాబాద్‌లో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన పడింది. నది పైభాగంలో 221 చెరువులు తెగాయి. వేలమంది చనిపోయారు. రుబాయీల షాయర్ అమ్‌జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, బిడ్డను ఆ నీళ్లలోనే పోగొట్టుకున్నాడు. తాను బతికి బయటపడ్డాడు. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి బతికినవాళ్ల కథ మన బుజుర్గులు ఇంకా చెబుతారు. విశ్వేశ్వరయ్య వచ్చి లెక్కలు కట్టాక ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి.

అదే 1908లో మర్హూమ్ నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా రసద్‌గాహ్‌ను హుకూమత్ తీసుకుంది. 1919లో అది జామియా ఉస్మానియా చేతికి వచ్చింది. బేగంపేటలో సితారాలతో పాటు వానను, గాలిని, వేడిని కూడా ఏడాదికేడాది రాసుకుంటూ పోయారు. తఖ్మీనాకు ఆధారం ఇలాంటి బోరుకొట్టే రిజిస్టర్లే. మాణికేశ్వర్ నగర్ ఆ జామియా కాంపౌండు గోడను ఆనుకునే ఉంది. అబ్బాయికి ఈ సంగతి తెలియదు.

2024 జనవరిలో గుల్మర్గ్ వాలులు బర్ఫ్ లేక ఎండిపోయి కనిపించాయి, స్కీయింగ్‌కు వెళ్లినవాళ్లు ఉత్తచేతులతో వచ్చారు. ఆ ఏడు దేశంలో వానాకాలం సగటులో 108 శాతం నమోదైంది. బ్లాన్‌ఫర్డ్ ఉంటే మీసం తిప్పేవాడు. వాకర్ మాత్రం, ఒక్క ఏడు లెక్క చూపి నాకేం చెప్పొద్దు అనేవాడు.