నాసిరకం ఇనుప ఖనిజం: శుద్ధి విద్య ఎదిగిన క్రమం

ఇనుప ఖనిజం నాణ్యతను మొదట చెప్పేది అందులోని ఇనుము శాతం. స్వచ్ఛమైన మాగ్నటైట్‌లో 72.4 శాతం, హెమటైట్‌లో 69.9 శాతం, గోథైట్‌లో సుమారు 63 శాతం ఇనుము ఉంటుంది. గనిలో దొరికే రాయిలో వీటికి క్వార్ట్జ్, బంకమట్టి ఖనిజాలు తోడై ఆ శాతాన్ని తగ్గిస్తాయి. అయితే నాసిరకం రాయి పనికొస్తుందా లేదా అన్నది శాతంతోనే తేలదు. ఇనుప రేణువులు ఎంత పరిమాణంలో ఉన్నాయి, దేనితో పెనవేసుకుని ఉన్నాయి, ఎంత మెత్తగా నూరితే విడివడతాయి అన్నవి తెలియాలి. ఈ పరిశీలనే ఖనిజ లక్షణ నిర్ధారణ. దాని ఆధారంగా వ్యర్థాన్ని వేరుచేయడమే ఖనిజ శుద్ధి.

ఈ ప్రయత్నాలు మాగ్నటైట్‌తో ఊపందుకున్నాయి, ఎందుకంటే దాన్ని అయస్కాంతం సులువుగా లాగుతుంది. థామస్ ఎడిసన్ 1880లో అయస్కాంత విభజన యంత్రానికి పేటెంట్ పొందాడు. 1890లలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆగ్డెన్ వద్ద భారీ రోలర్లతో బండలను పిండిచేసి, ఆ పిండిని విద్యుదయస్కాంతాల ముందు నుంచి జారవిడిచే కర్మాగారం నడిపాడు. కానీ 1892లో మిన్నెసోటాలోని మెసాబీ శ్రేణి నుంచి మేలిరకం ఖనిజం బయటికి రావడం మొదలైంది. అది నేలపైనే చవగ్గా దొరకడంతో ధరలు పడిపోయాయి, ఎడిసన్ కర్మాగారం మూతపడింది.

అదే మెసాబీ తర్వాతి మలుపుకూ వేదికైంది. అక్కడి మేలిరకం ఖనిజం చుట్టూ టాకొనైట్ అనే గట్టి రాయి ఉంది. అందులో ఇనుము 25 నుంచి 30 శాతమే. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డేవిస్ 1910ల నుంచి దాని మీద పనిచేశాడు. అయస్కాంత ధ్రువాల మధ్య వాలుగా ఉంచిన గాజు గొట్టంలో ఖనిజ పొడిని నీటితో కడిగే పరీక్షను రూపొందించాడు. నూరిన పొడిలో మాగ్నటైట్ ఎంత రాబట్టవచ్చో ఆ గొట్టం చెబుతుంది. ఆయన పేరుతో అది నేటికీ ప్రయోగశాలల్లో ఉంది. 1922లో బాబిట్ వద్ద మొదలైన టాకొనైట్ కర్మాగారం మేలిరకం ఖనిజంతో పోటీపడలేక 1924లో ఆగిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం మెసాబీ నిల్వలను హరించాకే టాకొనైట్‌కు గిరాకీ వచ్చింది. భూమిలోని నిల్వ మీద కాక ఉత్పత్తి మీద పన్ను వేసేలా 1941లో చేసిన చట్టం కూడా పెట్టుబడులకు దారితీసింది.

సుమారు 45 మైక్రాన్ల కన్నా మెత్తగా నూరితే తప్ప టాకొనైట్‌లో రేణువులు విడిపోవు. అంత మెత్తటి పొడిని నేరుగా బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేస్తే గాలి దారులు మూసుకుపోతాయి. అందుకే పొడికి బెంటొనైట్ మట్టి కలిపి, గుండ్రంగా దొర్లించి, సుమారు 1300 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చి గుళికలు చేశారు. ఈ ఆలోచనకు స్వీడన్‌లో 1912లోనే పేటెంట్ ఉన్నా, భారీ స్థాయిలో నిలదొక్కుకున్నది 1955 నుంచి సిల్వర్ బే వంటి కర్మాగారాల్లో. టన్ను గుళికలకు దాదాపు మూడు టన్నుల రాయి కావాలి. సిల్వర్ బేలో మిగిలిన వ్యర్థాన్ని సుపీరియర్ సరస్సులో కలపడం మీద సుదీర్ఘ న్యాయపోరాటం జరిగి, 1980లో అది ఆగింది.

హెమటైట్ కథ వేరు. మామూలు అయస్కాంతం దాన్ని లాగలేదు. 1970లలో బ్రెజిల్ అధిక తీవ్రత గల తడి అయస్కాంత యంత్రాలను వాడుకలోకి తెచ్చింది. 1974లో మొదలైన మిచిగన్ టిల్డెన్ గనిలో ఖనిజాన్ని సుమారు 25 మైక్రాన్ల వరకు నూరి, పిండిపదార్థంతో హెమటైట్‌ను గుంపుకట్టించి, అమీన్ రసాయనాలతో సిలికాను నురుగుగా పైకి తేల్చారు. ఇనుము అడుగున నిలుస్తుంది కనుక ఈ పద్ధతిని తిరోగామి తేలింపు అంటారు.

భారతదేశంలో కర్ణాటకలోని కుద్రేముఖ్ పెద్ద ప్రయోగం. అక్కడి 38 శాతం మాగ్నటైట్-హెమటైట్ ఖనిజాన్ని 67 శాతం వరకు పెంచారు. అలా శుద్ధిచేసిన పొడిని నీటితో కలిపి 67 కిలోమీటర్ల గొట్టపుమార్గంలో మంగళూరుకు పంపి, 1987 నుంచి గుళికలుగా చేశారు. పశ్చిమ కనుమల అడవి, భద్రా నది రక్షణ కోసం సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో 2005 చివర తవ్వకం ఆగింది. ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ నుంచి విశాఖపట్నానికి వేసిన 267 కిలోమీటర్ల గొట్టపుమార్గం కూడా శుద్ధిచేసిన పొడిని గుళికల కర్మాగారానికి చేర్చుతుంది.

దేశంలోని హెమటైట్ ఖనిజాలకు అసలు చిక్కు సిలికా కాదు, అల్యూమినా. అది కయోలినైట్, గిబ్సైట్ బంకమట్టి రూపంలో ఉన్నప్పుడు కడిగి, నీటి సుడితో పనిచేసే హైడ్రోసైక్లోన్లతో వేరుచేయవచ్చు. గోథైట్ స్ఫటికంలోనే కలిసిపోతే ఎంత నూరినా వేరుకాదు. అల్యూమినా ఎక్కువైతే ఫర్నేస్‌లో చిట్టెం చిక్కబడి కోక్ ఖర్చు పెరుగుతుంది. 2009లో భారత గనుల బ్యూరో హెమటైట్ కనీస ప్రమాణాన్ని 55 శాతం నుంచి 45కు దించింది. దాంతో పారేసే ఖనిజం కూడా లెక్కలోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ప్రకాశం జిల్లా మాగ్నటైట్ క్వార్ట్జైట్, బయ్యారం నిల్వలు నాసిరకమైనవే కనుక వాటి భవిష్యత్తు శుద్ధి ఖర్చు మీదే ఆధారపడింది.

ఇప్పుడు కర్మాగార నమూనా గీయకముందే ఎక్స్-రే వివర్తనం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్, జల్లెడవారీ రసాయన విశ్లేషణతో ఏ పరిమాణంలో ఏ ఖనిజం విడివడుతుందో తేలుస్తారు. ముతక రేణువులకు గురుత్వ విభజన, మెత్తటివాటికి అయస్కాంతం లేదా తేలింపు ఎంచుకుంటారు. ఇవేవీ పనిచేయని ఖనిజాన్ని వేయించి మాగ్నటైట్‌గా మార్చే మార్గం ఉంది. ఇంధన ఖర్చు వల్ల దాని వాడకం పరిమితంగానే ఉంది.