వర్క్‌ఫ్లోలో స్టెప్ చేర్చడం

ఒక యాప్‌లో ఏదైనా జరగగానే మరో యాప్‌లో దానంతట అదే పని జరిగేలా పేర్చిన వరుసను ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్‌లో వర్క్‌ఫ్లో అంటారు. అలాంటి సాఫ్ట్‌వేర్‌లలో ఒకటైన జాపియర్‌లో దీని పేరు జాప్. వరుసలోని ఒక్కో పని ఒక స్టెప్. మొదటిది ట్రిగ్గర్, తర్వాతవి యాక్షన్లు. 2011లో అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మొదలైన జాపియర్‌లో తొలి ఏళ్లలో ఒక ట్రిగ్గర్‌కు ఒకే యాక్షన్ ఉండేది. 2016లో అనేక స్టెప్‌ల జాప్‌లు వచ్చాయి.

స్టెప్ చేర్చడం తేలికే. రెండు స్టెప్‌ల నడుమ ఉన్న ప్లస్ గుర్తు నొక్కి, యాప్‌నూ చేయాల్సిన పనినీ ఎంచుకోవాలి. అసలు ఆలోచించవలసింది దాని చోటు గురించి. ఏ స్టెప్ అయినా తనకన్నా ముందు నడిచిన వాటి సమాచారాన్నే వాడుకోగలదు. ఫారంలో వచ్చిన దరఖాస్తును షీట్‌లో రాసి, అభ్యర్థికి ఎస్సెమ్మెస్ పంపే వర్క్‌ఫ్లోనే తీసుకుందాం. ఫీజు కట్టనివారిని ఆపే ఫిల్టర్‌ను షీట్ స్టెప్‌కు ముందు పెడితే వారి పేర్లు షీట్‌లోకి ఎక్కవు. తర్వాత పెడితే ఎక్కుతాయి, ఎస్సెమ్మెస్ మాత్రం ఆగుతుంది.

చాలామంది పొరబడేది ఫీల్డ్ మ్యాపింగ్ దగ్గర, అంటే ఏ ఫీల్డ్‌లోకి ఏ సమాచారం రావాలో చూపే చోట. ఫోన్ నంబరుకు ముందు +91 చేర్చే ఫార్మాటర్‌ను మధ్యలో పెట్టినంత మాత్రాన ఎస్సెమ్మెస్ స్టెప్ కొత్త నంబరును అందుకోదు. అందులోని ఫీల్డ్ ఇంకా ఫారంలోని పాత నంబరునే చూపిస్తుంటుంది. దాన్ని తీసేసి, ఫార్మాటర్ ఇచ్చిన ఫలితాన్ని చేతితో ఎంచుకోవాలి. లేకుంటే ఏ ఎర్రర్ కనిపించకపోవచ్చు, పని మాత్రం తప్పుగా సాగుతుంది. అందుకే స్టెప్ చేర్చిన ప్రతిసారీ దాని కింద ఉన్నవన్నీ తెరిచి చూడాలి.

టెస్ట్ బటన్‌నూ తేలిగ్గా తీసుకోకూడదు. యాక్షన్‌ను టెస్ట్ చేస్తే నిజంగానే మెయిల్ వెళుతుంది, షీట్‌లో వరుస చేరుతుంది. పరీక్షకు సొంత నంబరు, సొంత మెయిల్ వాడడం మంచిది.

ఒకే సమాచారం రెండుసార్లు వచ్చే అవకాశం ఉన్నచోట, కొత్త రికార్డు సృష్టించే ముందు పాతది ఉందేమో వెతికే స్టెప్ పెడతారు. మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్‌లో అయితే, ముందున్న స్టెప్ విఫలమైనప్పుడు మాత్రమే నడిచే స్టెప్‌ను కూడా చేర్చవచ్చు. పని ఆగిపోయిన సంగతి బాధ్యులకు మెయిల్‌లో తెలపడానికి దీన్ని వాడతారు.