ఒక టీకా చరిత్ర: అంకుర సంస్థలు, ప్రజారోగ్యము

విశాఖపట్టణమునకు చేరువ సముద్రతీరముననున్న రుషికొండ ఒకప్పుడు విహారస్థలముగానే ప్రసిద్ధము. నేడు ఆ కొండలపై సాంకేతిక సంస్థల భవనములు వెలసినవి. అదే నగరమున ఉక్కు కర్మాగారపు దిక్కున సుమారు 270 ఎకరములలో, వైద్య పరికరముల తయారీకై ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఏర్పడినది. 2018 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి నాల్గవ వైద్య పరికరముల సదస్సు విశాఖలోనే జరిగినది. కొద్ది పెట్టుబడితో, క్రొత్త ఆలోచనతో ఆరంభమగు ఇట్టి సంస్థలను ఇప్పుడు అంకుర సంస్థలనుచున్నారు. వీని వలన సామాన్యుని ఆరోగ్యమునకు ఒనగూడు మేలెంత? సమాధానమునకై దూరము పోనక్కరలేదు. ఆ పేరు వాడుకలోనికి రాకమునుపే తెలుగునాట అట్టి సంస్థ యొకటి పుట్టి, పెరిగి, తన ఫలితమును చూపినది.

కాలేయమును వాచజేయు వ్యాధులలో హెపటైటిస్-బి ముఖ్యమైనది. ఇది చెడిన నీటివలన వచ్చు కామెర్ల వంటిది కాదు. దీని వైరస్ రక్తము ద్వారా, శుద్ధిచేయని సూదుల ద్వారా, లైంగిక సంపర్కము ద్వారా, కాన్పు సమయమున తల్లినుండి బిడ్డకు సోకును. ఆరోగ్యవంతులైన పెద్దలలో నూటికి 95 మందికి పైగా దీనిని తరిమివేయగలరు. పసికందుల సంగతి వేరు. వారికి సోకినచో నూటికి 90 మందిలో అది శరీరమున తిష్ఠవేయును. ఏండ్ల తరబడి ఏ బాధయు తోచదు. తుదకు కాలేయము గట్టిపడుటయో, క్యాన్సరు పుట్టుటయో జరుగవచ్చును. కనుక ఈ వ్యాధిని పుట్టినప్పుడే అడ్డవలెను.

అమెరికా శాస్త్రజ్ఞుడు బారూచ్ బ్లంబర్గ్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తములో అపరిచితమైన మాంసకృత్తును గుర్తించి, 1965లో ప్రకటించెను. అది ఈ వైరస్ పైపొరకు చెందినదని తరువాత తేలినది. ఆయనకు 1976లో నోబెల్ బహుమానము లభించినది. 1981లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి టీకాను, వైరస్ గల మనుష్యుల రక్తమునుండియే తీసి శుద్ధిచేసెడివారు. 1986లో మరియొక మార్గము అనుమతి పొందినది. పైపొర మాంసకృత్తును తయారుచేయు ఒక్క జన్యువును ఈస్టు కణములో చొప్పించినచో, ఆ కణము పెరుగుచు ఆ మాంసకృత్తును తయారుచేయును. అందులో వైరస్ లేదు కనుక రోగము రాదు. దొంగ చొక్కాను ముందుగా కావలివానికి చూపినట్లు, శరీరము ఆ పైపొరను గుర్తుపెట్టుకొని ఎదిరించుటకు సిద్ధముగా నుండును.

విద్య యింత సులభముగా కనిపించినను, టీకా మాత్రము మన దేశమునకు దిగుమతి కావలసియుండెను. మోతాదొకటికి వందల రూపాయలు. మూడు మోతాదులు కావలెను. కూలివాని బిడ్డకు ఇది అందని పండు. నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు కె. ఐ. వరప్రసాదరెడ్డి 1992లో జెనీవాలో జరిగిన ఒక సభలో ఈ సమస్యను వినిరి. విదేశీ సంస్థ సాంకేతిక విద్య నిచ్చుటకు ఒప్పుకొనకపోగా, 1993లో హైదరాబాదున తల్లి పేర శాంతా బయోటెక్నిక్స్‌ను స్థాపించిరి. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, పిదప సి.సి.ఎం.బి.లోను పరిశోధన సాగినది. ధనమునకు ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి తోడ్పడిరి. పికియా పాస్టోరిస్ అను ఈస్టును వాడి తయారుచేసిన షాన్‌వాక్-బి టీకా 1997 ఆగస్టులో వెలువడినది. ధర సుమారు 50 రూపాయలు. అనతికాలముననే ఇతర భారతీయ సంస్థలును ఈ టీకాను తయారుచేయగా, ధర మరింత దిగినది.

అయితే ధర తగ్గినంత మాత్రమున టీకా ఊయల వద్దకు నడచిరాదు. దానిని మోసుకొనిపోవలసినది ఆరోగ్య కేంద్రపు నర్సు. చల్లగా ఉంచవలసినది ప్రభుత్వపు శీతలపేటిక. హెపటైటిస్-బి టీకా జాతీయ కార్యక్రమమున 2002లో ప్రయోగముగా కొన్ని జిల్లాలలోను, నగరములలోను ప్రవేశించినది. 2007-08లో ఆంధ్రప్రదేశ్ తో సహా 10 రాష్ట్రములకు, 2011లో దేశమంతటికి వ్యాపించినది. అనగా చవుకగా తయారగుటకును, ప్రతి బిడ్డకు దక్కుటకును నడుమ 14 సంవత్సరములు గడచినవి. ఆ నడుమ పుట్టి వైరస్ సోకినవారికి ఈ ఆలస్యము సామాన్యమైనది కాదు. 2022లో మన దేశమున సుమారు 3 కోట్ల మందిలో ఈ వ్యాధి నెలకొనియున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మరియొక పాఠము కూడ కలదు. శాంతా సంస్థ 2009లో ఫ్రాన్సు దేశపు సనోఫీ చేతికి పోయినది. 2010లో ఆ సంస్థ ఐదు రోగములకు కలిపి చేసిన టీకా సీసాలలో తెల్లని మడ్డి కనబడగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆమోదమును ఉపసంహరించినది. తయారీని సవరించిన మీదట 2014లో మరల ఆమోదము లభించినది. చవుకదనమొక్కటే చాలదు, ప్రతి సీసాయు పరీక్షకు నిలువవలెను.

నేడు విశాఖలో తలయెత్తుచున్న సంస్థలకు ఈ చరిత్రయే కొలబద్ద. పరికరమెంత వింతదైనను, దాని విలువను ప్రదర్శనశాలలో తూచరాదు. ఏజెన్సీ గ్రామపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అది పనిచేయునా? నర్సు దానిని వాడగలదా? చెడినచో బాగుచేయువారు కలరా? ప్రభుత్వము దానిని కొని, పంపి, నిలబెట్టునా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకిన నాడే అంకురము చెట్టగును. నీడ పదిమందికి అందును.