కావలి రుసుం నుంచి కోర్టు బోను దాకా

ప్రాణం కాపాడుకోవడానికి తుపాకీ పేల్చినవాడు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఠాణా చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాల్సి రావడం ఇంగ్లీషు దొరలు మన నెత్తిన పెట్టిపోయిన అవస్థ అని చాలామంది అనుకుంటారు. ఆర్కాడు సీమ చరిత్ర చూస్తే అందులో సగమే నిజం. రాయవేలూరు, గుడియాత్తం, ఆ పైన చిత్తూరు కొండల దాకా ఆయుధం పట్టినవాడికి లెక్క చెప్పుకునే బాధ్యత ఎప్పుడూ ఉంది. ఎవరికి చెప్పాలి, దేనికి చెప్పాలి అన్నదే కాలంతో మారింది. పాలెగాళ్ళ రోజుల్లో ఊళ్ళ కాపలా వాళ్ళది. వాళ్ళ బంట్లు బల్లేలతో, జామగి తుపాకులతో తిరిగేవాళ్ళు, అందుకు రైతులు కావలి రుసుం ఇచ్చుకునేవాళ్ళు. కాపలా ఉండగా సొత్తు పోతే దాన్ని వెతికి తేవాలి, లేదా పరిహారం కట్టాలి. అదీ కట్టుబాటు. దాన్ని అడ్డం పెట్టుకుని ఊళ్ళను పీడించినవాళ్ళూ ఉన్నారు. ఈస్టిండియా కంపెనీ అధికారులు ఆ పీడన గురించే ఎక్కువ రాశారు. పాలేలు లాక్కోవడానికి వాళ్ళకు ఆ రాతలు అవసరం కాబట్టి వాటిని యథాతథంగా నమ్మనక్కర్లేదు. కానీ ఆయుధంతో పాటు జవాబుదారీ కూడా వచ్చేదన్న సంగతి ఆ రాతల్లోనూ దాగలేదు.

1801 జూలైలో ఆర్కాడు నవాబుతో చేసుకున్న ఒడంబడికతో కర్ణాటక రాజ్యం కంపెనీ చేతికి వచ్చింది. అదే ఏడు డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ తిరునల్వేలి, రామనాథపురం, శివగంగ సీమల్లో ఆయుధాలు పట్టకూడదని ప్రకటించాడు. 1804 ప్రాంతంలో చిత్తూరు పాలెగాళ్ళు తిరగబడితే సైన్యాన్ని పంపి అణిచేశారు. ఆ తర్వాత 1816 నాటి రెగ్యులేషనుతో గ్రామ పోలీసు ఏర్పాటు, 1859 చట్టంతో మద్రాసు పోలీసు వచ్చాయి. మీ ఆయుధం మాకివ్వండి, మీ కాపలా మేం చూస్తామన్నది ఈ మొత్తం మార్పులో ఉన్న మాట. ఆ మాటను సర్కారు పూర్తిగా నిలబెట్టుకోలేదని నా అభిప్రాయం. నిలబెట్టుకోలేమని వాళ్ళకూ తెలుసు. అందుకే 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కుకే కేటాయించారు. దాని ముసాయిదా రాసిన మెకాలే బృందం ఈ హక్కును కుదించడం కంటే జనంలో ఎదిరించి నిలబడే ధైర్యం పెంచడమే తమ ఉద్దేశమని రాసుకుంది. అదే పాలన 1878లో ఆయుధాల చట్టం తెచ్చి, యూరోపియన్లను వదిలేసి మనవాళ్ళ మీదే లైసెన్సు రుద్దింది. ఆ జాతి భేదం క్షమించరానిది. దేశాన్నంతటినీ నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని గాంధీజీ 1918లో బ్రిటిషు పాలన చేసిన పనులన్నిటిలోకీ అతి చెడ్డదిగా ఎంచారు. అయితే అక్కడి అన్యాయం కొందరిని లెక్క అడగకుండా వదిలేయడంలో ఉంది. లెక్క అడగడమే తప్పని దాన్నుంచి తేల్చలేం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. గుడియాత్తం, పేర్ణాంబట్టు వైపు కొండ అంచున ఒంటరిగా ఉన్న పొలం ఇంటికి అర్ధరాత్రి దొంగలు వస్తే ఠాణాకు కబురు పెట్టి కూర్చోవాలా? చట్టం అలా కూర్చోమనలేదు. అధికారుల సాయం పొందే వ్యవధి ఉన్నప్పుడే ఈ హక్కు ఉండదని శిక్షాస్మృతి 99వ సెక్షను చెప్పింది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 37వ సెక్షను. 1950లో కట్నీ అల్లర్లలో గుంపు పక్క దుకాణం దోచి తన తలుపు బాదుతుంటే తుపాకీ పేల్చిన అంజాద్ ఖాన్‌ను కింది కోర్టులు శిక్షించాయి. సుప్రీంకోర్టు 1952లో అతన్ని విడిచిపెట్టింది. ప్రాణభయంలో ఉన్న మనిషి ఎంత బలం వాడాడన్నది కంసాలి త్రాసులో తూచలేమన్నదే ఆ తీర్పు సారం. కానీ పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చినవాడికి ఈ తీర్పు ఆసరా కాదు. ప్రమాదం తప్పిపోయిన క్షణానే హక్కూ ముగుస్తుంది.

రెండో అభ్యంతరానికి ఇంత తేలిగ్గా జవాబు లేదు. చివరికి నిర్దోషిగా తేలినా అరెస్టు, తుపాకీ స్వాధీనం, వాయిదాలు, వకీలు ఖర్చు తప్పవు, ఆ విచారణే ఒక శిక్ష. ఇది నిజం. పైగా ఆత్మరక్షణ అని చూపే భారం నిందితుడి మీదే ఉందని 2024 దాకా అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టం 105వ సెక్షను చెప్పింది, దాని స్థానంలో వచ్చిన చట్టమూ అదే అంటుంది. ఆ భారం మాత్రం అనుకున్నంత బరువైంది కాదు. సందేహానికి తావులేకుండా రుజువు చేయనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. నిందితుడు నోరు తెరిచి ఆ వాదన ఎత్తకపోయినా, సాక్ష్యంలో కనిపిస్తే కోర్టు పరిగణించవచ్చని 1967లో మున్షీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిందితుడి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషను సంజాయిషీ ఇవ్వకపోతే కేసే బలహీనపడుతుందని 1976లో లక్ష్మీసింగ్ కేసులో తేలింది. అంటే తుపాకీ పేలాక మొదటి కొన్ని గంటల్లో చేసిన పనులే విచారణ నడకను చాలావరకు నిర్ణయిస్తాయి. గాయపడినవాడు దొంగే అయినా ఆసుపత్రికి కబురు పెట్టాలి. ఠాణాకు మనమే ముందు చెప్పాలి. తుపాకీని, తూటా డొల్లల్ని, విరిగిన తలుపును కదపకుండా మహజరు రాసేదాకా ఉంచాలి. మన గాయాలను డాక్టరుకు చూపించి కాగితం మీద పెట్టించాలి. రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కుతో వకీలును పిలిపించుకోవాలి. స్తోమత లేకపోతే 1987 చట్టం కింద న్యాయసేవల సంస్థను అడగాలి. లైసెన్సు లేని నాటు తుపాకీ అయితే సంగతి వేరు. ఆత్మరక్షణ అని కోర్టు ఒప్పుకున్నా ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు నిలిచే ఉంటుంది.

స్వరక్షణకు, పంట కాపలాకు తుపాకీ లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టమే 13వ సెక్షనులో ఒప్పుకుంది. ఇచ్చేటప్పుడు తుపాకీ కొలతలు, తూటాల లెక్క కాగితం మీద రాసి చేతిలో పెడతారు. ఆత్మరక్షణ హక్కు హద్దుల్ని, పేల్చిన తర్వాత చేయాల్సిన పనుల్ని కూడా తమిళంలో, తెలుగులో అచ్చువేసి ఆ కాగితంతో పాటే ఇవ్వాలని వేలూరు కలెక్టరు కార్యాలయాన్ని, పాలారు ఇరువైపులా లైసెన్సులున్న రైతుల సంఘాలను కోరుతున్నాను.