కంచరపాలెం నుంచి షోలవరం దాకా: కమాన్ల కథ

విశాఖపట్నం కంచరపాలెంలో ఊర్వశి జంక్షన్ దగ్గర హైవే ఎక్కి దక్షిణానికి తిరిగితే ఎన్‌ఏడీ, గాజువాక, అనకాపల్లి, ఆపైన విజయవాడ, నెల్లూరు దాటి, ఇంకాసేపట్లో మద్రాసు అనగా షోలవరం వస్తుంది. మొన్నమొన్నటి దాకా ఈ దారి ఎన్‌హెచ్ 5, ఇప్పుడు ఎన్‌హెచ్ 16. రెండో ప్రపంచ యుద్ధకాలంలో షోలవరంలో విమానాల కోసం వేసిన రన్‌వే, యుద్ధం ముగిశాక కార్ల పందేలకు పనికొచ్చింది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్, 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునే దాకా పోటీలు ఇక్కడే జరిపింది. గోండల్ మహారాజు, విజయ్ మాల్యా లాంటివాళ్లు విదేశీ ఫార్ములా కార్లు తెచ్చి పరుగెత్తించారు. అయితే రేసుల రోజుల్లో మైదానాన్ని నింపినవి ఇంటింటా ఉండే ఫియట్లు, హెరాల్డులే. రోడ్డు కారును ట్రాక్‌కు సిద్ధం చేసే విద్యను మన దేశం నేర్చుకుంది ఈ మామూలు కార్ల మీదే. మహారాజుల యంత్రాలకు ఆ గౌరవం దక్కదు.

ఆ విద్యకు మొదలు కమాను, అంటే లీఫ్ స్ప్రింగు. 1804లో ఇంగ్లండులో ఒబదయా ఇలియట్ ఉక్కు పట్టీలను వంచి ఎదురెదురుగా కట్టిన కమాన్లకు పేటెంటు తీసుకున్నాడు. అక్కడి గుర్రపు బగ్గీల నుంచి మన జట్కాల దాకా, ఆ తర్వాత లారీల దాకా అదే సూత్రం నడిచింది. పట్టీ మీద పట్టీ పేర్చి, నడుమ సెంటర్ బోల్టు బిగించి, యూ బోల్టులతో ఇరుసుకు కట్టేస్తారు. గుంటలో పడ్డప్పుడు పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. ఆ రాపిడే ఊపును కొంత చంపుతుంది. 1933లో ప్రారంభమైన విశాఖ పోర్టు, తర్వాత వచ్చిన ఉక్కు కర్మాగారం ఈ ఊరి రోడ్ల మీదికి బరువైన లారీలను తెచ్చాయి. బరువు పెరిగితే ఓనరు అదనంగా ఒక పట్టీ వేయిస్తాడు. లోడు మీద బండి నిటారుగా నిలబడుతుంది, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు మాత్రం డ్రైవరు నడుం విరుగుతుంది. స్ప్రింగు గట్టిపడితే దేన్ని వదులుకోవాలో లారీ డ్రైవరుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కార్ల విషయానికొస్తే, 1957 నుంచి 2014 దాకా తయారైన అంబాసిడర్‌కు ముందు టార్షన్ బార్లు, వెనక కమాను కట్టలు. ఫియట్ 1100కు ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లే. కమాను వంపు తగ్గిస్తే కారు కిందికి దిగుతుంది, ఒక పట్టీ చేర్చితే గట్టిపడుతుంది. కొలిమి, సుత్తి ఉన్నవాడికి ఇది అందుబాటులో ఉన్న పని.

కథ మలుపు తిరిగింది హెరాల్డు దగ్గర. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961 నుంచి తయారుచేసిన ఈ కారుకు వెనక అడ్డంగా ఒకే కమాను ఉండేది. దాని రెండు కొసలకు స్వింగ్ యాక్సిల్ చక్రాలు. ఒక్కో చక్రం విడిగా ఊగుతుంది కాబట్టి గతుకుల మీద హాయిగా ఉండేది. అయితే మలుపులో వేగంగా పోతూ భయపడి యాక్సిలరేటర్ వదిలారంటే, కారు వెనక భాగం పైకి లేచి, బయటి చక్రం కిందికి ముడుచుకుపోయి, టైరు అంచు మీద నిలబడేది. అమెరికాలో షెవర్లే కోర్వేర్ మీద 1965లో రాల్ఫ్ నాడర్ రేపిన గొడవకు మూలం కూడా స్వింగ్ యాక్సిలే. హెరాల్డుకు మూలమైన బ్రిటిష్ కంపెనీ ట్రయంఫ్ చివరికి కమానును మధ్యలో కాస్త తిరిగేలా కట్టి దీన్ని సరిచేసింది. మన దగ్గర మందు వేరే దొరికింది. 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు స్వింగ్ యాక్సిల్ తీసేసి, లారీకి ఉన్నట్టే రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు పెట్టారు, ఎందుకంటే ఆ పాతది ఓనర్లకూ మెకానిక్కులకూ నచ్చలేదు. చూడ్డానికి ఇది వెనకడుగే. కానీ చక్రం ఏ కోణంలో నేలను తాకుతోంది అన్నదాన్ని స్ప్రింగు గట్టిదనం ఒక్కటే తేల్చదని ఈ రెండు కార్లూ పక్కపక్కన నిలబడి చెప్పాయి.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. దానితో మన రోడ్ల మీద మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఇంటింటి వస్తువైంది. ఫోర్డు ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మీద వెలిసిన ఈ అమరిక 1950లోనే బ్రిటన్లో ఫోర్డ్ కాన్సల్‌లో కనిపించింది. షాక్ అబ్జార్బరు (షాక్), స్ప్రింగు ఒకే స్తంభంలో ఇమిడిపోతాయి. చవక, స్థలం ఆదా. కోయంబత్తూరు కరివర్ధన్ 1988లో మారుతి ఇంజను పెట్టి ఫార్ములా కారు తయారుచేసేసరికి పందేలు కొత్త తరానికి అందాయి. మారుతి ఎస్టీమ్ కారు తర్వాతి ఏళ్లలో ట్రాక్‌ల మీద దున్నేసింది.

ఇక్కడే ఇప్పటి కుర్రాళ్లు తరచూ చేజార్చుకునే సంగతి ఉంది. పోలోనో, ఐ20 ఎన్ లైనో కొన్నవాడు మొదట చేసేది కారును కిందికి దించడం. స్ట్రట్ కారును ఎక్కువగా దించితే చక్రాన్ని పట్టుకునే కింది చేతులు (లోయర్ ఆర్మ్‌లు) పైకి వాలిపోతాయి. కారు బరువు కేంద్రం దిగిన దానికన్నా రోల్ సెంటర్, అంటే మలుపులో కారు వాలే బిందువు, ఎక్కువ దిగుతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి, మలుపులో కారు వాలడానికి ఇంకా సిద్ధంగా ఉంటుంది. చూపుకు పులి, మలుపులో పిల్లి. పైగా స్ప్రింగు రెట్టింపు గట్టిదైతే దాన్ని అదుపు చేసే షాక్ బలం కూడా సుమారు 1.4 రెట్లు కావాలి. పాత షాక్ మీద గట్టి స్ప్రింగు కడితే గుంట దాటాక కూడా కారు ఊగుతూనే ఉంటుంది.

కాబట్టి డబ్బు పోయాల్సిన మొదటి చోటు షాక్. విప్పిన షాక్‌ను బల్ల మీద నిలబెట్టి చూస్తే దాని ఆరోగ్యం తెలిసిపోతుంది. రాడ్డు మెడ చుట్టూ నూనె చెమ్మ, దానికి పట్టిన దుమ్ము, నొక్కగానే మొదటి అంగుళంలో ఎదురు లేని వదులు. ఇవి కనిపిస్తే ఎంత మంచి స్ప్రింగు తెచ్చినా దండగే. తర్వాతవి టైర్లు, బుష్‌లు, అలైన్‌మెంటు. ఆ పైన యాంటీ రోల్ బార్. స్ప్రింగు అన్నిటికన్నా చివర.

దించడానికి మరో హద్దు స్పీడు బ్రేకర్. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నియమం ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. 165 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉన్న కారు 40 మి.మీ. దిగినా అలాంటి దాన్ని నెమ్మదిగా దాటుతుంది. మన వీధుల్లో ఎవరికి వారు పోసుకున్న నిట్టనిలువు దిమ్మల సంగతి వేరు, అవి బంపరును పెరుక్కుపోతాయి.

వీధే ట్రాక్ అయిన రోజు కూడా తెలుగు నేల చూసింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ పక్కన 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈ జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మరుసటి ఏడాది పోటీ రద్దయింది.

కంచరపాలెం ఐటీఐ, పాలిటెక్నిక్ ఉన్న పేట. ఇక్కడి కుర్రాడికి పనిముట్లు కొత్త కావు, కొత్తది చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. కంపెనీ కొలతల్లోనే దొరికే మంచి షాక్ కొనుక్కోవడం అన్ని విధాలా మేలు. ట్రాక్ మోజు మరీ ఎక్కువై, ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాక్ జత అయిన కాయిలోవర్ పెట్టుకుంటే, ఎత్తును కంపెనీ ఎత్తు దగ్గరే ఉంచి, షాక్ గట్టిదనం మార్చే క్లిక్కులను ఇరుంగాట్టుకోట్టైలో బిగించి, ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు తిరుగు ప్రయాణానికి మళ్లీ వదులు చేసుకోవాలి. ఇంకొకటి, విశాఖలో సముద్రపు ఉప్పుగాలికి కాయిలోవర్ మరలు త్వరగా తుప్పు పడతాయి. వానలకు ముందు బ్రష్షుతో శుభ్రం చేసి గ్రీజు పూయకపోతే కాలర్ పట్టేసి, మళ్లీ ఎత్తు మార్చడం చాలా కష్టమవుతుంది.