మొలలోని చిన్నకత్తి

మన దేశచరిత్రములందు ఖడ్గమునకు లభించిన గౌరవము చిన్నకత్తికి లభింపలేదు. ఖడ్గము రాజుల బిరుదములలోఁ గలదు, వీరగల్లులమీఁదఁ జెక్కఁబడియున్నది. సామాన్యుఁడు మొలఁ జెక్కుకొని ప్రొద్దుపొడిచినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు వాడుకొను జానెడు కత్తి చరిత్రకారుని దృష్టికి వచ్చుట యరుదు. వచ్చినప్పుడును దానిని జంపుసాధనముగా నెన్నుటయే కాని పనిముట్టుగా విచారించుట లేదు. ఈ కత్తి యుద్ధచరిత్రకంటె వృత్తిచరిత్రకును, అందును విశేషించి మన వాఙ్మయచరిత్రకును జెందినదని నర్సీపట్టణ ప్రాంతము నుదాహరణముగాఁ గొని యిందుఁ జూపఁదలఁచితిమి.

ముందుగాఁ బదవిచారము. 'కత్తి' దేశ్యము, తమిళ కన్నడములందును నీరూపమే కలదు. 'చూరి' సంస్కృత ఛురికాశబ్దభవము. 'కత్తెర' కర్తరీశబ్దమునుండి పుట్టినది. 'చాకు' పారసీకమునుండి వచ్చిన యన్యదేశ్యము. ఒక చిన్న వస్తువునకు దేశ్యమును, తద్భవమును, అన్యదేశ్యమును నిట్లు నిలిచియుండుట దాని వాడుక యెన్ని కాలములనుండి యెడతెగక వచ్చుచున్నదో తెలుపును. ఇఁక 'కత్తి' సమాసములఁ జూడుఁడు: కత్తిపీట వంటయింటిది, మంగలికత్తి క్షురకర్మకైనది, గీఁతకత్తి కల్లుగీయువానిది. ఇట్టి సమాసములం దుండు విశేషణము లనేకములు వృత్తులనే తెలుపుచున్నవి గాని శత్రువును దెలుపుటలేదు.

'పదను' అను మాటయు నిట్టిదే. విత్తుటకుఁ దగిన నేలతడి పదను, కాల్చి నీట ముంచిన యినుమున కబ్బిన గట్టిదనము పదను, కత్తివాదర పదను. రైతును కమ్మరియు నొకే మాటతోఁ దమతమ పనుల మేలుకీడుల నెంచుకొనుచున్నారు.

నర్సీపట్టణము మైదానమును మన్యమును గలసికొను తావు. చిరకాలము విశాఖపట్టణమండలమున నుండి 2022 ఏప్రిలు నుండి యనకాపల్లి జిల్లాలోఁ జేరినది. దానికిఁ బైనున్న చింతపల్లి మన్యము నాఁడే యల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరెను. దిగువఁ దాడిచెట్లు, ఎగువ జీలుగుచెట్లు. దిగువ వరి, ఎగువఁ బోడుసేద్యము. రెండుచోట్లను మనుష్యుని మొలలోఁ గత్తి యొక్కటే. దానితో వేపపుల్ల విఱిచి పండ్లుతోముకొనును; కాలి ముల్లు దీసికొనును; పలుపు త్రాడు దెగఁగోయును; వెదురు చీల్చి బద్దలు దీయును; అడ్డాకులఁ గుట్టుటకుఁ బుల్లలు చీరును; తేనెపట్టు కోయును. మన్యమున నీ పనిముట్లఁ జేయు కమ్మరతెగవా రున్నారు. వారి కొలిమి లేనిదే పోడు సాగదు.

ఈ పనులన్నిటిలోఁ గల్లుగీఁతకు మిక్కిలి నేర్పు కావలయును. గెలకొనను బ్రతిదినమును పలుచని పొరగాఁ గోసినఁగాని కల్లు స్రవింపదు. వాదర మొద్దువాఱినచోఁ గోఁత నలిగి యూట నిలిచిపోవును. కావున గీఁతకాఁడు కత్తి నూఱుటను గోయుటతో సమానమగు విద్యగా నేర్చుకొనును.

ఈ చిన్నకోఁత యొకప్పుడు రాజ్యమునే కదలించినది. గోదావరిమండలపు రంపదేశమున గిరిజనులు తమ యింటివాడుకకుఁ గల్లు గీసికొనుట యనాదిగా నున్న హక్కు. క్రొత్త యాబ్కారీ నిబంధనలు దానిని నిషేధించినవి. గుత్తదారులు 'చిగురుపన్ను' అడిగిరి. మన్సబుదారు పెట్టిన బాధలు వీనికిఁ దోడయ్యెను. 1879 మార్చిలో రంపతిరుగుబాటు పుట్టి, యాసంవత్సరమే నర్సీపట్టణమునకుఁ బైనున్న గొలుగొండ కొండలకుఁ బ్రాఁకినది. అందుఁ జేరిన కారణము లనేకములే యైనను, 'చిగురుపన్ను' అను పేరే యొక నిజమును జాటుచున్నది: పన్ను పడినది గిరిజనుని గీఁతకత్తిపనిమీఁద. తరువాత 1882 నాఁటి మద్రాసు అటవీచట్టము పోడును నియమించుటతోఁ జెట్టు నఱకుటయు నేరమగు స్థితి వచ్చెను. 1922 ఆగష్టు 22, 23, 24 తేదులలో సీతారామరాజు ననుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలఁ బట్టి తుపాకులఁ గొనిపోయిరి. 1924 మే 7వ తేదిని కొయ్యూరుకడ నాతఁడు మరణించెను. ఈ కథ చెప్పువారు తుపాకులను బేర్కొందురు. పోడు, కల్లు, వెట్టి యను మూఁడు బాధలును గత్తి పట్టి పనిచేయు చేతికిఁ గలిగినవను మాట మఱచిపోరాదు.

శాసనకర్తలకును నీ వివేచన యెంతో యాలస్యముగాఁ గలిగినది. 1878 నాఁటి యాయుధచట్టము కత్తులు, కటారులు, ఈఁటెలతోఁ బాటు విల్లమ్ములనుగూడ నాయుధములలోఁ జేర్చెను. విల్లు మన్యమువానికి వేఁటకైన నిత్యసాధనము. 1959 నాఁటి చట్టము ననుసరించి వచ్చిన 1962 నిబంధనలు వాదర 9 అంగుళములకుఁ బొడవుగాని, 2 అంగుళములకు వెడల్పుగాని మించిన కత్తులను నాయుధవర్గమునఁ బెట్టి, గృహ వ్యవసాయ శాస్త్ర పరిశ్రమలకై చేసినవానిని వేఱుపఱచెను. మన జనులు మాత్ర మీ భేదమును మఱియొక విధముగాఁ బరిష్కరించుకొనిరి. ఆయుధపూజనాఁడు కత్తి, నాఁగలి, మగ్గము, త్రాసు, పుస్తకము నన్నియుఁ బూజ కర్హములే. బ్రదుకు గడపు సాధన మేదైనను వారి కాయుధమే. బాలింతతలదిండుక్రిందఁ జిన్నకత్తి యుంచు నాచారమును రక్షార్థమే కాని హింసార్థము గాదు.

ఇఁక వాఙ్మయసంబంధము. తాళపత్రగ్రంథ మనఁగానే మనకు గంటము స్ఫురించును, కత్తి స్ఫురింపదు. కాని గంటమునకు ముందు పని కత్తిదే. చెట్టునుండి యాకు దింపుటయు, నడిమి యీనెఁ దీయుటయు, నుడికించి యారఁబెట్టిన పత్రములను నొకే కొలఁతకుఁ గోయుటయు, పలకలనడుమ బిగించి యంచులు సమముగాఁ జెక్కుటయు నన్నియుఁ గత్తితోనే. ఆ పిదప లేఖకుఁడు గంటముతో గీఱి, మసి పూసి యక్షరములు గానవచ్చునట్లు చేయును. ఈ రెండుపనులు నొకనివే యగుటచే దక్షిణదేశమున నొకే పిడిలో నొకవైపు గంటమును, మఱియొకవైపుఁ గత్తియు మడిచియుంచు సాధనములు పుట్టినవి. పిడికిఁ జీలిక యుండును. ఒక చీలచుట్టును దిరిగి వాదర యందులో దాఁగును. కావున మొల గీఱుకొనదు, గంటపుమొన విఱుగదు. నేఁడు జేబుకత్తి యనఁబడుదానికి మన దేశమున నిజమైన పూర్వరూప మిదియే. అది సైనికునిది గాదు, లేఖకునిది.

కాగితము వచ్చినపిదపను నీ సంబంధము తెగలేదు. కలము, కాగితము, చాకు నను మూఁడు మాటలును బారసీకము కచేరిభాషగా నుండిన కాలమున మన కలవడినవి. రెల్లుకలమును వాలుగాఁ జెక్కి, మొన నడుమఁ జీల్చినఁగాని సిరా సరిగా దిగదు. ఇంగ్లీషువారు చిన్నకత్తిని 'పెన్నైఫు' అనుటకును నీఁక కలములఁ జెక్కుటయే కారణము. అనఁగా నైరోపాఖండమునను, మనదేశమునను జేబుకత్తికి విద్యతోడిదే పొత్తు. బ్రౌనుదొర (1798–1884) కూర్చిన తాళపత్రప్రతులును, 1911లో స్థాపింపఁబడిన యాంధ్రసాహిత్యపరిషత్తు సేకరించిన ప్రతులును మన చేతి కందుటకుఁ బేరులేని యెందఱో లేఖకుల మొలలోని కత్తు లంచులు చెక్కినవి.

ఆ లేఖకుఁడు నేఁడు లేఁడు. గ్రామకరణముల యుద్యోగము 1984లో రద్దయ్యెను. గంట మంతకుఁ బూర్వమే మూలఁబడెను. పెన్సిలు చెక్కుటకు వేఱు యంత్రము, త్రాడు కోయుట కంగడిబ్లేడు వచ్చినవి. వస్తువు పోవుటకు వగవఁబని లేదు. కాని వస్తువుతోఁ బాటు దాని యవయవముల పేళ్లును, నూఱు విధముల పేళ్లును, వాదర మెఱుఁగు తెలుపు మాటలును బోవుచున్నవి. సూర్యరాయాంధ్రనిఘంటువు 1936 నుండి సంపుటములుగా వెలువడి కావ్యపదములకు మహోపకారము చేసెను. వృత్తిపదములకుఁ బ్రత్యేకముగా శ్రమించినవారు భద్రిరాజు కృష్ణమూర్తిగారు. వారి మాండలిక వృత్తిపదకోశమునందుఁ దొలిసంపుటము, వ్యవసాయపదములది, 1962లో వెలువడెను. కత్తిపనివారి మాటలను నీవిధముగానే యూరూరఁ గూర్పవలసియున్నది.

ఈ పని పాఠశాలాపండితులకు మిక్కిలి సులభము. నర్సీపట్టణమువంటి తావులందుఁ గమ్మరి, మేదరి, గీఁతకాఁడు, పోడురైతు పిల్లలు నొకే తరగతిలోఁ గూర్చుందురు. పిడిని, పిడిలోఁ జొచ్చు తోఁకను, వాదరను, వెన్నును, మొనను దమయింట నేమందురో వ్రాసి తెమ్మనినచో నొక వారములో నిఘంటువునకుఁ జాలినంత సామగ్రి చేరును. మాటతోఁ బాటు చెప్పినవారి యూరును, వృత్తియు వ్రాయించుట యావశ్యకము. ఇంటిలోని ముసలివారు జీవించియుండఁగానే యడుగవలయును. ఆ పట్టికలు కొన్ని చేరిననాఁడు, గొలుగొండ కొండలవారి మొలలోని కత్తి తిరుగుబాటు ప్రకరణమునకు మాత్రమే పరిమితము గాక, వారు చేసిన పనికిఁ దగినట్లుగా మన చరిత్రమునఁ జోటు గాంచును.