గ్రంథచౌర్యవిచారము

పరుల వాక్యములఁ దమవిగాఁ జెప్పుకొనుట క్రొత్తదోషము గాదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు హరణమును శబ్దహరణమనియు నర్థహరణమనియు విభజించి విపులముగ విచారించెను. అంతకుముం దానందవర్ధనుఁడు కవులకుఁ గలుగు సంవాదమును ప్రతిబింబము, ఆలేఖ్యము, తుల్యదేహి యని మూఁడువిధములుగాఁ జూపి, మొదటి రెంటిని విడువఁదగినవనియుఁ గడపటిది గ్రాహ్యమనియు నిర్ణయించెను. కావున పోలికయెల్లఁ జౌర్యము గాదు.

తెలుఁగు వ్యాకరణచరిత్రలో నిందులకు గొప్ప నిదర్శనము బాలవ్యాకరణము. చిన్నయసూరి దీనిని 1858లోఁ బ్రకటించెను. శిష్టు కృష్ణమూర్తిశాస్త్రి సంస్కృతమున రచించిన హరికారికావళికిని దీనికిని గల సామ్యముఁ జూచి, సూరి యా కారికలను దెనిఁగించెనని కొందఱనిరి. కారికలే బాలవ్యాకరణమునకు సంస్కృతీకరణములని మఱికొందఱనిరి. సూత్రార్థసామ్య మొక్కటియే యేది మూలమో చెప్పఁజాలదు. ప్రతుల కాలమును, ఉదాహరణముల తీరును, ఒకదానియందలి పొరపాటు రెండవదానికి సంక్రమించినదా యనుటయుఁ బరిశీలింపవలయును. ఇవి చూడక చోరుఁడని పేరువెట్టుట యెంతటి పండితునకైనను సాహసమే. ఆ సాహస మీ వివాదమున నుభయపక్షములవారును జేసిరి.

తెనాలి, బాపట్ల, రేపల్లె కళాశాలల యధ్యాపకులకును శిష్యుల వ్యాసములయెడ నిదియే చిక్కు. యూజీసీ 2018లోఁ జేసిన నిబంధనలు సిద్ధాంతగ్రంథములలో నూటికి 10 పాళ్లవఱకు సామ్యమును క్షమించి, 60 దాఁటినచో విద్యార్థి నమోదును రద్దుచేయ విధించినవి. మంచిదే. కాని యంత్రపు లెక్కకుఁ బ్రతిబింబము చిక్కునంత సులభముగ నాలేఖ్యము చిక్కదు. మాటలు మార్చి భావము నపహరించినవాఁడు తఱచుగాఁ దప్పించుకొనును.

ఇందులకు సాధన మా ప్రాంతముననే కలదు. తెనాలి రేపల్లెల నడుమనున్న భట్టిప్రోలున 1892లో ధాతుకరండములను వెలికిఁ దీసినవాఁడు అలెగ్జాండర్ రే. వానిమీఁది లిపిని జదివి ప్రకటించినవాఁడు బ్యూలర్. విద్యార్థుల నా స్తూపభూమికిఁ గొనిపోయి, తాము చూచినదేదో, రే కనుఁగొన్నదేదో, బ్యూలర్ చదివినదేదో వేర్వేఱుగ వ్రాయించినచో నెవరి సొత్తెవరిదో వారికే తెలియును.

ప్రాచీనపాఠశాలలలో శలాకపరీక్ష యుండెడిది. తాటాకుల నడుమ శలాకను దూర్చి, తెఱచుకొన్న పత్రమును వ్యాఖ్యానింపుమనెడివారు. వ్యాసము నిచ్చినవానిని దాని పుటలలో నొకదానిఁ దెఱచి యిట్లే యడుగవచ్చును. నూఱుగురున్న తరగతిలో నందఱి నడుగుట కష్టమే. పదుగురినైన నడుగుదురని తెలిసినఁ దక్కినవారును జదివియే వత్తురు.